కనిపించని గోపురం

"గురువారం కొండ మీద ఏం చూశారో మళ్ళీ మొదట్నుంచీ చెప్పండి కెప్టెన్," అన్నాను.

కెప్టెన్ కార్‌డ్యూ నా వంక చూడలేదు. నా పక్కన కూర్చున్న ఇన్‌స్పెక్టర్ రామ్స్‌డెన్‌ను చూసి అడిగాడు. "ఈవిడ కూడా పోలీసేనా?"

"కాదండి. ఈవిడ హెస్టర్ సగ్డెన్. సంత వీధిలో బూట్ల దుకాణం. ఈమధ్య బేరాలు తగ్గాయేమో, మా పని కూడా చేసిపెడుతోంది."

"బేరాలు బాగానే ఉన్నాయి. మీ పని మీరే చేస్తే నాకు తీరిక మిగిలేది," అన్నాను.

ఇరవై ఏళ్ళు బూట్లు అమ్మాను. ఆరేళ్ళుగా జనం పోగొట్టుకున్నవీ దాచుకున్నవీ వెతికిపెడుతున్నాను. నా లెక్కలో రెండూ ఒకటే వ్యాపారం. దుకాణానికి వచ్చినవాడు తన కాలి కొలత తానే చెబుతాడు. నేను చెవితో వింటాను, కంటితో కొలుస్తాను. మనుషులు తమ పాదం గురించి చెప్పేటన్ని అబద్ధాలు ఇంకే విషయంలోనూ చెప్పరు.

ఈసారి తక్కెడలో ఉన్నది ఒక మనిషి మెడ. గురువారం సాయంత్రం బ్రాకెన్ కొండ అంచు మీద నుంచి విల్‌ఫ్రెడ్ ఆస్‌గుడ్ పడి చచ్చిపోయాడు. మా ఆస్కర్‌బీ నడక సంఘానికి కార్యదర్శి. శుక్రవారం పొద్దున శవం దొరికింది. మధ్యాహ్నానికల్లా గొర్రెల రైతు ఏమోస్ మెట్కాఫ్‌ను పట్టుకెళ్ళి లోపల వేశారు. శనివారం అతని భార్య ఎలెన్ నా దుకాణం తలుపు కొట్టింది. ఈ రోజు ఆదివారం. సాయంత్రంలోగా ఏమోస్‌ మీద హత్యానేరం రాయాలని సూపరింటెండెంట్ లేథమ్ హుకుం. అది రాశాక వెల్‌స్టన్ జైలు, ఆ తర్వాత ఉరితాడు.

ఇంతకూ ఏమోస్‌కు ఎదురుగా తూగుతున్నది ఒక్క కెప్టెన్ మాటే. కొండా, దాని చుట్టూ ఉన్న పొలాలూ లండన్‌లో ఉండే ఒక ప్రభువువి. వాటి పెత్తనం కెప్టెన్‌ది. కొండ నెత్తిని వేటపక్షులకు వదిలేసి, నడిచేవాళ్ళకు మూసెయ్యాలని ఆయన పట్టు. తరాల తరబడి ఎవరి అనుమతీ అడక్కుండా జనం నడిచిన దారి జనానిదేనని చట్టం. దాన్ని రుజువు చెయ్యాలని ఆస్‌గుడ్ పట్టు. వచ్చే బుధవారమే విచారణ. రుజువు చెయ్యాల్సినవాడు శవమయ్యాడు. దారి తమకు అడ్డమన్నవాడు సాక్షి అయ్యాడు. ఇలాంటి లెక్క ఏ దుకాణంలో కనిపించినా నేను సరుకును రెండుసార్లు తిప్పి చూస్తాను.

"చెప్పిందే చెప్పాలా?" అన్నాడు కెప్టెన్. "టీ వేళ దాటాక ఎక్కాను. పైన రాతి దిమ్మె ఉంది కదా, ఇత్తడి పలక బిగించినది, అక్కడ నిలబడ్డాను. కింద అంచు దగ్గర ఏమోస్, ఆస్‌గుడ్ గొడవపడుతున్నారు. మనకెందుకని దిగొచ్చేశాను. మర్నాడు సంగతి తెలిసింది."

"దిమ్మె దగ్గర ఎంతసేపున్నారు?"

"ఓ పైప్ కాల్చేంతసేపు."

"ఏం చూస్తూ కాల్చారు?"

"అక్కడ అందరూ చూసేదే. పలక మీద వేలు పెట్టి పేరు చదివాను. గీత ఎటు పోతే అటు చూశాను. వెల్‌స్టన్ కతీడ్రల్ గోపురం ఎండలో మెరుస్తోంది. తల దించేసరికి కింద వీళ్ళిద్దరూ."

"పేరు మీద వేలు పెట్టారా? గురువారమే?"

"పెట్టాను. ఎడమ చేతి వేలు. చేతి తొడుగు తీసి. చాలా?"

"చాలు," అన్నాను. "ఆ గోపురం అక్కణ్ణుంచి కనపడదు కెప్టెన్."

అది నిజం. మధ్యలో గ్రిండిల్ కొండ అడ్డం. పాత రాజుగారి పట్టాభిషేకానికి ఆ పలక చేయించింది మా అప్పటి ఫాదర్. నాలుగు దిక్కులా కనిపించే ఊళ్ళకూ కొండలకూ గీతలు చెక్కించి, తమ పెద్ద చర్చి, వెల్‌స్టన్ కతీడ్రల్, లేకపోతే బాగుండదని దానికీ ఒక గీత చెక్కించాడు. ఊళ్ళో అందరికీ తెలుసు. పైకి వచ్చే చుట్టాలకు మాత్రం ఎవరూ చెప్పరు.

కెప్టెన్ మొహం పాలిపోతుందనుకున్నాను. పక్కనుంచి నవ్వు వినిపించింది. రామ్స్‌డెన్ కళ్ళు తుడుచుకుంటున్నాడు.

"ఇదా మీ బాణం? అమ్మా, ఆ పలక దగ్గర నిలబడ్డవాడెవడైనా కనపడలేదని చెప్పాడా ఇంతవరకు? మొన్న పెంతెకోస్తు పండక్కి మా అత్తగారిని తీసుకెళ్ళాను. పక్కనే ఉన్న మామగారిని గుర్తుపట్టలేని కళ్ళు ఆవిడవి. పలక మీద పేరు చదివి, అదిగో గోపురం, ఎంత బాగుందో అంది. పక్కనున్న వాళ్ళంతా అవునవును అన్నారు. నేనూ అన్నాను. కనపడట్లేదంటే బాగుండదని."

నా బాణం అక్కడే నేల రాలింది. మా జనం అంతే. పలక మీద రాసి ఉంటే, పక్కవాడు తల ఊపితే, లేని గోపురాన్నైనా చూసేస్తారు. కెప్టెన్ కూడా ఆ గుంపులో ఒకడని అనుకోవచ్చు. నేను నష్టానికి అమ్మిన సరుకు అది. నష్టం వచ్చిందని కొట్టు కట్టేసే రకాన్ని కాదు.

"అయితే పైకి వెళ్ళి చూద్దాం," అన్నాను ఇన్‌స్పెక్టర్‌తో.

"చూడ్డానికేముంది అక్కడ? శుక్రవారం పొద్దున్నుంచీ పైన నా కానిస్టేబుల్ కాపలా. కింద గేటు దగ్గర ఎస్టేటు మనిషి. చీమ కూడా ఎక్కలేదు."

"అలాగైతే అన్నీ ఎక్కడివక్కడే ఉంటాయి. ఇంకా మంచిది."

రామ్స్‌డెన్ గడియారం చూసుకుని లేచాడు. ఓడిపోయినవాణ్ణి ఇంకాస్త ఓడించడం అతనికి సరదా. కెప్టెన్ మాత్రం నవ్వలేదు.

గేటు దగ్గర ఎలెన్ మెట్కాఫ్ నిలబడి ఉంది. తలకు రుమాలు, కాళ్ళకు ఏమోస్ పాత బూట్లు. ఆమెకు అడ్డంగా కావలివాడు జేబెజ్. అతని వెనక కొత్త బోర్డు: దారి లేదు.

"నన్ను పోనివ్వట్లేదు హెస్టర్," అంది.

"కెప్టెన్ గారి ఆర్డరు," అన్నాడు జేబెజ్. "ఇన్‌స్పెక్టర్ గారు పోవచ్చు. ఆడాళ్ళు కుదరదు."

"జేబెజ్, నీ కాళ్ళకున్న బూట్లు ఎవరు అమ్మారు?"

"మీరే."

"ఏ కొండ ఎక్కడానికని కొన్నావు?"

అతను బోర్డు వైపు చూసి, తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. "అది వేరే సంగతి. ఇప్పుడు ఇది ప్రైవేటు."

"నా చిన్నప్పుడు మా అమ్మ చంకనేసుకుని ఎక్కిన దారి. అప్పుడెవరినీ అడగలేదు, ఇప్పుడూ అడగను. అడిగితే నీదని ఒప్పుకున్నట్టు. ఎలెన్, నడు."

ఎలెన్ అతన్ని పక్కకు నెట్టలేదు. అతను అక్కడ లేనట్టే నడిచింది. జేబెజ్ ఇన్‌స్పెక్టర్ మొహం చూశాడు. రామ్స్‌డెన్ గొంతు సవరించుకుని, "నేనేం చూడలేదు," అని మా వెనకే వచ్చాడు.

దారి మొదట గోడల మధ్య నుంచి, తర్వాత ఎండి ఎర్రబారిన ఫెర్న్ పొదల్లోంచి, చివర్న నిటారుగా గడ్డి వాలు మీదుగా పోతుంది. వాలు సగంలో ఒక బల్లపరుపు రాయి ఉంది. ఎక్కేవాళ్ళంతా అక్కడ ఆగి, ఆయాసం వచ్చిందని ఒప్పుకోకుండా, ఊరు ఎంత బాగుందో చూడమంటారు. రామ్స్‌డెన్ అక్కడ ఆగాడు.

"ఊరు బాగుంది కదూ?" అన్నాడు రొప్పుతూ.

"మీ బూట్లు బాగా లేవు. ఆఫీసు నేల మీద తిరిగేవి. రేపు దుకాణానికి రండి."

"ఏమోస్ కేసు ఓడిపోయాక కూడా బేరమేనా?"

"ఓడిపోయాక కాదు. గెలిచాక. అప్పుడు మీరు ఎక్కువ నడవాల్సి వస్తుంది."

పైన గాలి చెంపదెబ్బ కొట్టినట్టు తగిలింది. కాపలా కానిస్టేబుల్ లేచి నిలబడ్డాడు. రామ్స్‌డెన్ నేరుగా అంచు దగ్గరికి పోయి, ఆస్‌గుడ్ పడ్డ చోటు చూపించాడు. నలిగిన గడ్డి, జారిన రాయి. మూడు రోజులుగా వీళ్ళంతా చూస్తున్నది అదే. నేను వెనక్కి తిరిగి దిమ్మె దగ్గరికి పోయాను. కెప్టెన్ నిలబడ్డానన్న చోటే నిలబడి, చేతి తొడుగు తీసి, ఎడమ చేతి వేలితో పలక మీద గోపురం పేరు వెతికాను.

పేరు లేదు.

కళ్ళద్దాలు పెట్టుకుని మళ్ళీ చూశాను. మిగతా గీతలన్నీ నల్లబడిన ఇత్తడి మీద ఉన్నాయి. తూర్పు పక్కన మాత్రం అరచేయంత మేర కొత్త బంగారంలా మెరుస్తోంది. ఇనుమునైనా అరగదీసే ఆకురాయితో అడ్డంగా, నిలువుగా గీకిన గాట్లు. గీత పోయింది. అక్షరాలు పోయాయి. పలక అంచు కింద రాతి పగులులో పసుప్పచ్చ పొడి. వేలితో తీస్తే గుచ్చుకుంది.

"ఇన్‌స్పెక్టర్, ఇటు రండి. మీ అత్తగారు చూసిన గోపురం పేరు ఇందులో చదవండి."

అతను వంగి చూశాడు. మెరిసే చోట బొటనవేలితో రుద్దాడు.

"పలక మీద రాసి ఉంటేనే మన జనం గోపురాన్ని చూస్తారు. మీరు చెప్పిందే," అన్నాను. "రాయకపోతే? అటు గ్రిండిల్ కొండ తప్ప ఇంకేం లేదు. లేని అక్షరాల మీద కెప్టెన్ వేలు ఎలా పెట్టాడు?"

"ఇది ఎవరు చేశారు?"

"ఆస్‌గుడ్. తప్పు రాసిన దారి గుర్తు ఎక్కడున్నా చెరిపేసేదాకా ఆయనకు నిద్ర పట్టదు. ఈ గోపురాన్ని తీసేస్తానని సంఘంలో ప్రతి చలికాలం పోట్లాడేవాడు. బుధవారం విచారణకు అధికారులు పైకి వస్తారు కదా. మన వైపు ఒక్క అబద్ధం కూడా ఉండకూడదనుకుని ఉంటాడు."

రామ్స్‌డెన్ నడుం నిటారు చేశాడు. అతను తెలివితక్కువవాడు కాదు. అందుకే అతనితో గొడవ.

"ఎప్పుడు చేశాడో మీకు తెలుసా? శుక్రవారం నుంచి కాపలా ఉంది, సరే. గురువారం రాత్రి లేదే. చీకట్లో మీ సంఘం వాళ్ళెవరో వచ్చి అరగదీసి ఉంటే? కెప్టెన్ చూసినప్పుడు పేరు ఉంది, ఆ తర్వాత పోయింది. వకీలు ఒక్క నిమిషంలో తేల్చేస్తాడు. ఆస్‌గుడ్ సంచిలో ఆకురాయి లేదు. నేనే వెతికాను."

మాట గట్టిదే. నా దగ్గర సరుకు ఉంది కాని, అది ఏ రోజుదో చెప్పేవాళ్ళు లేరు. నేను ఎలెన్ వైపు చూశాను. పలక వైపు చూడకుండా, రుమాలు ముడి బిగించుకుంటూ నిలబడి ఉంది. వింతైన వస్తువు ముందుంటే ఎవరైనా తొంగి చూస్తారు. ముందే తెలిసినవాళ్ళే చూడరు.

"ఎలెన్," అన్నాను, "నీకు తెలిసింది చెప్పు."

ఆమె నోరు తెరిచేలోపే జీపు చప్పుడు వినిపించింది. వేటకాళ్ళ కోసం వెనక వైపు నుంచి వేసిన బాట మీదుగా వచ్చి ఆగింది. కెప్టెన్ దిగాడు. మమ్మల్ని పైకి పంపి ఊరుకోలేకపోయాడన్నమాట. పలకను చూశాడు. ఒక్క చూపులో సంగతంతా అర్థమైందని అతని దవడ చెప్పింది. వెంటనే మా ఇద్దర్నీ వదిలేసి ఎలెన్ దగ్గరికి నడిచాడు.

"మిసెస్ మెట్కాఫ్, చలిలో ఎందుకొచ్చారు. మీ కౌలు మార్చితో అయిపోతుంది కదూ? మీ మామగారి తండ్రి కాలం నుంచీ ఆ ఇంట్లోనే ఉన్నారు. కొత్త కాగితం నా బల్ల మీదే ఉంది. కష్టాల్లో ఉన్న కుటుంబం, సంతకం పెట్టేద్దాం అనుకుంటున్నాను. ఏం తొందర లేదు. ఆలోచించి మాట్లాడండి."

గొంతులో ఎంత మర్యాదో. నేను జీవితంలో చాలామంది బేరగాళ్ళను చూశాను. ఒక ఇంటిని ఒక మనిషి ప్రాణంతో తూచడం అంత నెమ్మదిగా ఎవరూ చెయ్యగా చూడలేదు.

ఎలెన్ అతన్ని చూసింది. తర్వాత కింద, కొండ నీడలో ఉన్న తన ఇంటి పొగగొట్టాన్ని చూసింది.

"ఏమోస్‌ను తీసుకెళ్తుంటే నాతో ఒక్క మాటే అన్నాడు," అంది. "నోరు విప్పకు, ఇల్లు పోతుంది అన్నాడు. మూడు రోజులు విప్పలేదు. తన మెడ మీద నాకు కప్పు నిలబెడదామనుకున్నాడు వెర్రిమొహం. ఆ కప్పు కింద ఒక్కదాన్నే కూర్చుని ఏం చేసుకోను?"

"మిసెస్ మెట్కాఫ్—"

"నేను ఆలోచించే మాట్లాడుతున్నాను కెప్టెన్. ఇన్‌స్పెక్టర్ గారూ, ఆ ఆకురాయి మాది. గొర్రెల గిట్టలు అరగదీసేది. మా కొట్టంలో మేకుకు వేలాడుతోంది. దాని పళ్ళ నిండా ఇత్తడి. గురువారం ఆస్‌గుడ్ అరగదీస్తుంటే, సడలిన పలక కదలకుండా పట్టుకున్నది ఏమోస్. పని అయ్యాక ఆయన్ని ఇక్కడే వదిలి, ఆకురాయి తీసుకుని, టీ వేళకన్నా ముందే, పాలు పితికే సమయానికి ఇంటికొచ్చాడు. అతని చొక్కా చేతులు నేనే దులిపాను."

"పబ్‌లో కొట్టుకున్నారు కదా ఇద్దరూ? నడక సంఘం వాళ్ళు గేట్లు తెరిచి వదిలేస్తున్నారని? కొండ పైనుంచి తోసేస్తానని ఏమోస్ అందరి ముందూ అన్నాడు," అన్నాడు రామ్స్‌డెన్.

"ఆ కేకలు ఈ కెప్టెన్ చెవిన పడాలనే. బుధవారం ఆస్‌గుడ్ పిలవబోయే సాక్షి ఏమోసే. మా తాతా మా నాన్నా నేనూ ఎవర్నీ అడక్కుండా నడిచాం అని చెప్పేవాడు. ముందే తెలిస్తే ఇల్లు ఖాళీ చేయిస్తారని ఆ నాటకం. ఇప్పుడు తెలిసిందిగా. ఖాళీ చేయించమనండి. సామాన్లు ఈ దారి మీదుగానే మోసుకుపోతాం."

 కానిస్టేబుల్ టోపీ తీసి మళ్ళీ పెట్టుకున్నాడు.

నేను కెప్టెన్ ఎదురుగా వెళ్ళి నిలబడ్డాను. "ఇప్పుడు మన లెక్క చూసుకుందాం. గురువారం సాయంత్రం ఈ కొండ మీద ముగ్గురున్నారని మీరే చెప్పారు. ఏమోస్ ఇంటికి పోయాడు. ఆస్‌గుడ్ చచ్చిపోయాడు. ఇంక మిగిలింది ఎవరు? దారి మూతపడితే లాభం ఎవరికి? ఏమోస్ కోసం పేనిన తాడు మీ మెడకు బాగానే సరిపోతుంది. కొలతలు నాకు అలవాటే."

అతను ఇన్‌స్పెక్టర్ వైపు చూశాడు. రామ్స్‌డెన్ ఈసారి నవ్వలేదు. జేబులోంచి బేడీలు తీసి చేతిలో పట్టుకున్నాడు, అంతే.

"నేను గురువారం కొండ ఎక్కనే లేదు," అన్నాడు కెప్టెన్. మర్యాద గొంతు పోయింది. "ఇంట్లో ఉన్నాను. నా వంటమనిషిని అడగండి. రాత్రి భోజనానికి కూర్చుంటుంటే ఫోన్ వచ్చింది. ఆస్‌గుడ్ అంచు మీద నుంచి పడ్డాడు, అక్కడ ఏమోస్‌ను చూశానని చెప్పు, నీ దారి గొడవ కూడా తీరిపోతుంది అన్నారు. చూశానని చెప్పాను. అంతకుమించి నాకేం తెలీదు."

"రాత్రా?" అన్నాడు రామ్స్‌డెన్. "శవం దొరికింది మర్నాడు పొద్దున."

"శవం పొద్దున దొరికిందన్న సంగతి మర్నాడు తెలిసింది నాకు. తెలిసీ నోరు మూసుకున్నాను."

"ఫోన్ చేసిందెవరు?"

 చెప్పకపోతే తనకేం మిగులుతుందో కెప్టెన్ లెక్క వేసుకున్నాడు. నా ఎదురుగానే ఆ లెక్క ముగిసింది.

"మీ సూపరింటెండెంట్."

రామ్స్‌డెన్ దిమ్మెను పట్టుకున్నాడు. "లేథమ్ గారా? ఎందుకు?"

"ఆయన్నే అడగండి. ఆస్‌గుడ్ చివరిసారి మాట్లాడింది ఎవరితోనో ఆయనకే తెలియాలి."

ఇన్‌స్పెక్టర్ మొహంలో రంగు పోవడం ఆరేళ్ళలో మొదటిసారి చూశాను. ఆ బేరంలో నాకు సంతోషం మిగల్లేదు. "మధ్యాహ్నం నన్ను పిలిచాడు," అన్నాడు మెల్లగా. "బూట్లావిడ అడిగితే కొండ మీదికి తీసుకెళ్ళు, చీకటి పడేదాకా రాకపోయినా ఫరవాలేదు అన్నాడు. ఆదివారం కదా, మిగతా వాళ్ళను ఇళ్ళకు పంపేశాడు. స్టేషన్‌లో ఇప్పుడు ఆయనా, లాకప్‌లో ఏమోసూ తప్ప..."

 మేమంతా ఒకేసారి కిందికి చూశాం.

బ్రాకెన్ కొండ మీద నుంచి ఆస్కర్‌బీ మొత్తం అరచేతిలో ఉన్నట్టు కనిపిస్తుంది. చర్చి, సంత వీధి, నా దుకాణం మీది పలకలు, పోలీసు స్టేషన్ వెనక పెరడు. ఆ పెరట్లో నల్ల కారు వెనక తలుపు తెరిచి ఉంది. పొడుగాటి కోటు వేసుకున్న మనిషి ఒకడు, చేతులు వెనక్కి కట్టిన మనిషిని అందులోకి తోస్తున్నాడు. రెండో మనిషి భుజాల వంపు చూసి, ఏమోస్ అని నాకే తెలిసిపోయింది. ఎలెన్‌కు ఇంకొకరు చెప్పాలా?

కారు పెరడు దాటి వంతెన దగ్గరికి వచ్చింది. వెల్‌స్టన్ జైలుకు పోవాలంటే అక్కడ కుడికి తిరగాలి. కారు ఎడమకు తిరిగింది. అటు పోయే రోడ్డు మీద ఊళ్ళు లేవు. నీళ్ళు నిండిన పాత రాతి గని ఒక్కటే ఉంది.

"జీపు తాళాలు," అన్నాడు రామ్స్‌డెన్, కెప్టెన్ వైపు చెయ్యి చాపి.

నేను ఎలెన్ కోసం పక్కకు తిరిగాను. ఆమె అక్కడ లేదు. దారీ వద్దనుకుని, గని వైపు దిగే రాళ్ళ వాలు మీద, భర్త బూట్లతో అప్పటికే సగం దూరం పోయింది.